ప్రతిపాదించిన వారి సంతకం

ఆ కాగితం మీద సంతకం పెట్టినప్పుడు నాకు భయం వేయలేదు. హాస్టల్ మెస్‌లో ఉప్మా తింటున్నాను. లోవలక్ష్మి వచ్చి నా పళ్లెం పక్కకు జరిపి, బల్ల మీద ఫారం పరిచింది.

"ఇక్కడ పేరు, ఇక్కడ రోల్ నంబరు, ఇక్కడ సంతకం. మరక పడనివ్వకు. ముప్పై ఏళ్ల తర్వాత వస్తున్న ఎన్నిక, జీడిపప్పు అంటుకుంటే బాగోదు."

"మన మెస్ ఉప్మాలో జీడిపప్పు ఎప్పుడు చూశావే?"

"గెలిచాక వేయిస్తాను. ముందు సంతకం పెట్టు."

లోవలక్ష్మిది జంగారెడ్డిగూడెం దగ్గర పల్లె. వాళ్ల నాన్న పామాయిల్ తోటల్లో గెలలు కోసే కూలీ. ఇద్దరం ఎమ్మెస్సీ రెండో సంవత్సరం, ఒకటే గది. విద్యార్థి సంఘం ఎన్నికలు మేమింకా పుట్టకముందే ఆగిపోయాయట. ఈ ఏడు మళ్లీ పెడుతున్నామని నోటీసు అంటించినప్పుడు మాలో చాలామందికి ఏం చెయ్యాలో తెలియలేదు. పార్టీ జెండా పట్టుకుని తిరిగే జానకిరామ్‌కి మాత్రం తెలిసింది. మర్నాటికల్లా గేటు నుంచి క్యాంటీన్ దాకా అతని ఫ్లెక్సీలు వెలిశాయి. వాటిలో అతని ఫొటో కంటే వెనక ఉన్న పార్టీ నాయకుడి ఫొటో పెద్దది. అధ్యక్ష పదవికి ఇంకెవరూ నామినేషన్ వేయరనీ, ఏకగ్రీవం అయిపోతుందనీ అందరూ అనుకున్నారు.

లైబ్రరీ రాత్రి ఎనిమిది దాకా ఉంటుంది. అమ్మాయిల హాస్టల్ గేటు మాత్రం ఆరింటికి వేసేస్తారు. లోవలక్ష్మి నామినేషన్ వేయడానికి కారణం అంతే. సోమవారం, ఆఖరి అరగంటలో వేసింది. ప్రతిపాదించింది నేను.

మంగళవారం పొద్దున్న ల్యాబ్‌కి వెళ్తుంటే జానకిరామ్ ఎదురొచ్చాడు. అంతకు ముందు ఎప్పుడూ అతను నాతో మాట్లాడలేదు. పక్కన ఇద్దరు ఉన్నారు. వాళ్లని అక్కడే ఆగమన్నట్టు చెయ్యి చూపించి, ఒక్కడే దగ్గరికి వచ్చాడు.

"సాయిదుర్గ గారు కదండీ?"

"అవునండి."

"మీది మొగపాలెం. నరసాపురం అవతల. నాన్నగారు వెంకటరమణ గారు. అలివి వల ఉంది మీకు."

మా నాన్న పేరు ఈ యూనివర్సిటీలో లోవలక్ష్మికి తప్ప ఎవరికీ తెలియదనుకున్నాను.

"మంచి ఊరండీ. ఫ్లెక్సీలో ఉన్న మా సార్ ఎప్పుడూ చెప్తుంటారు, మొగపాలెంలో ఒక మాటంటే ఒకటే మాట అని. మీ ఊరికి పడవలు కట్టుకునే జెట్టీ కూడా శాంక్షన్ చేయిస్తున్నారు, తెలుసా?" నవ్వాడు. "టిఫిన్ చేశారా? చెయ్యండి, ఖాళీ కడుపుతో ఉండకండి."

అతను వెళ్లిపోయాడు. గొంతు ఒక్కసారి కూడా పెంచలేదు. ల్యాబ్‌లో పిపెట్ పట్టుకుంటే ద్రావణం గీత దగ్గర ఆగడం లేదు. రెండుసార్లు పారబోసి మళ్లీ మొదలుపెట్టాను.

మా ఊళ్లో ఓటరు కార్డులు అందరికీ ఉన్నాయి. అసెంబ్లీకీ పార్లమెంటుకీ ఓటు వేస్తాం, పెద్దలు చెప్పిన గుర్తు మీద. పంచాయతీ ఎన్నిక మాత్రం నేను పుట్టాక ఒక్కసారీ జరగలేదు. వలలు బాగుచేసుకునే పాకలో ఏడుగురు పెద్దలు కూర్చుని ఒక పేరు చెబుతారు. ఇంటికొక మగవాడు వెళ్లి పెద్దమనిషి చేతిలో చెయ్యి వేసి మాట ఇస్తాడు. ఆ మాట ఆ ఇంట్లో అందరిదీ. ఆడవాళ్లని విడిగా అడగరు. ఆ ఒక్క పేరుతోనే నామినేషన్ పడుతుంది. పేపర్లో ఏకగ్రీవం అని వస్తే చుట్టుపక్కల ఊళ్లు మెచ్చుకుంటాయి.

నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు ఉషారాణి వాళ్ల నాన్న వార్డు మెంబరుకి సొంతంగా నామినేషన్ వేశాడు. ఆయన్ని ఎవరూ కొట్టలేదు, తిట్టనైనా లేదు. మర్నాడు పొద్దున్న ఆయన పడవ మీద వల తీసుకెళ్లి, సముద్రంలో వంపుగా వేసి, రెండు కొసల తాళ్లూ ఒడ్డుకి తెచ్చాడు. అలివి వలని ఒడ్డు నుంచే లాగాలి. ఒక్కో తాడుకీ ఇరవై మంది ఉండాలి. లాగడానికి వచ్చిన వాళ్లందరికీ చేపలో వాటా ఉంటుంది. ఆ రోజు ఒక్కరూ తాడు పట్టుకోలేదు. ఒడ్డంతా మనుషులున్నారు. ఎవరూ అటు చూడలేదు, అంతే. వల నీళ్లలోనే ఉండిపోయింది.

బడిలో ఉషారాణిది నా పక్క చోటు. "దాంతో మాట్లాడకు" అంది అమ్మ. నేను మాట్లాడలేదు. పెన్సిల్ అడిగితే వినపడనట్టు పుస్తకంలోకి చూశాను. వాళ్ల నాన్న నామినేషన్ వెనక్కి తీసుకున్నా ఎవరూ తాడు పట్టలేదు. ఎనిమిది నెలల తర్వాత వాళ్లు కాకినాడ వెళ్లిపోయారు. ఆ ఎనిమిది నెలలూ అది నా పక్కనే కూర్చుంది.

మంగళవారం సాయంత్రం నాన్న ఫోన్ చేశాడు. నాన్న తనంతట తాను ఫోన్ చెయ్యడు. అమ్మ కలిపి ఇస్తుంది.

"బుజ్జమ్మా, తిన్నావా?"

"తిన్నాను నాన్నా."

"ఏదో కాయితం మీద సంతకం పెట్టావంట."

"ఆయ్, పెట్టాను."

"మమ్మల్ని అడగొద్దా?"

"ఇది కాలేజీ ఎలక్షన్ నాన్నా. మన ఊరిది కాదు."

వెనక నుంచి అమ్మ ఏదో అంటోంది.

"బంగార్రాజు గారు పాకకి పిలిచారు" అన్నాడు.

బంగార్రాజు గారు మా పెద్దల్లో పెద్ద. ఉషారాణి వాళ్ల సంగతి తేల్చింది కూడా ఆయనే.

"ఏమన్నారు?"

"ఏమీ అన్లేదు. కూర్చోమన్నారు. టీ ఇప్పించారు. చేతిలో చెయ్యేసి వచ్చాను."

"ఏమని?"

"నా ఎదర, ఆఫీసరు గారి ముందర, ఆ సంతకం నాది కాదని నువ్వు చెప్తావని."

ఫోన్ పెట్టేశాక నోటీసు బోర్డు దగ్గరికి వెళ్లి రూల్స్ చదివాను. అభ్యర్థి కావాలంటే తప్పుకోవచ్చు. ప్రతిపాదించిన వాళ్లు తప్పుకోవడానికి వీల్లేదు. ప్రతిపాదకుల సంతకం చెల్లకపోతే నామినేషన్ చెల్లదు. కొత్తగా వేయడానికి గడువు నిన్ననే అయిపోయింది. ఇంకా చాలా నిబంధనలున్నాయి గానీ అవి చదవలేకపోయాను. బోర్డు పక్కన ఫ్లెక్సీలో నాయకుడు నమస్కారం పెడుతూ నన్నే చూస్తున్నట్టు అనిపించింది.

గదిలో లోవలక్ష్మి మంచం మీద పాత క్యాలెండర్లు తిరగేసి వాటి వెనక పోస్టర్లు రాసుకుంటోంది.

"రేపు పదకొండింటికి పరిశీలన. నువ్వు కూడా రావాలంట. మన పేపర్ల మీద వాళ్లు అభ్యంతరం పెట్టారు" అంది. "ఏం అభ్యంతరమో చెప్పరంట. నా పేరు పొడుగ్గా ఉందనేమో."

నేను నవ్వలేదు. అది తలెత్తి నన్ను చూసింది.

"ఏంటే, ఒంట్లో బాలేదా?"

"తలనొప్పి."

చెప్పి ఉండాల్సింది. గోడ వైపు తిరిగి పడుకున్నాను. క్యాలెండర్ కాగితం మీద స్కెచ్ పెన్ కీచుమంటూ చాలాసేపు వినపడింది.

బుధవారం పది గంటలకి తెల్ల కారు వచ్చి గేటు లోపల ఆగింది. ముందు సీట్లో బంగార్రాజు గారు. వెనక సీట్లో నాన్న, ఒక మూలకి ఒదిగి, సీటుకి ఆనుకోకుండా కూర్చున్నాడు. ఒళ్లో గుడ్డ సంచీ. నన్ను చూడగానే సంచీలోంచి ఎండు రొయ్యల పొడి సీసా తీసి ఇచ్చాడు.

"అమ్మ పంపింది" అన్నాడు. పెళ్లిళ్లకి వేసుకునే చొక్కా వేసుకున్నాడు.

"ఏమ్మా సాయీ, బాగా చదువుతున్నావా?" అన్నారు బంగార్రాజు గారు, అద్దం దించి. "మన ఊళ్లో ఎమ్మెస్సీ నువ్వేనమ్మా మొదట. మొన్న జెట్టీ మీటింగులో కూడా చెప్పాను, మా పిల్ల అని."

"ఆయ్."

"చిన్నపిల్లవి. స్నేహితురాలు అడిగింది, పెట్టావు. తప్పేం లేదు. లోపలికెళ్లి, ఇది నాది కాదండి అని ఒక్క ముక్క. రెండు నిమిషాల పని. తర్వాత అందరం కొవ్వూరులో భోంచేసి, నాన్నని నేనే దింపుతాను."

"అది నా సంతకమే కదండీ" అన్నాను.

ఆయన కోప్పడలేదు. కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు.

"వెంకటరమణా, పిల్ల ఏదో అంటోంది, విన్నావా?" అన్నారు వెనక్కి తిరగకుండానే.

"చెప్తుందండి. చెప్పేస్తుంది" అన్నాడు నాన్న.

"నువ్వు కూడా లోపల కూర్చో. నీ ఎదర అన్నావు కదా."

మా నాన్న సముద్రంలో తుఫానుకి చిక్కుకుని ఒక రాత్రీ పగలూ ఉండి వచ్చిన మనిషి. ఆ కారు దిగేటప్పుడు తలుపు ఎటు తెరవాలో తెలియక హ్యాండిల్ తడుముతున్నాడు. నేను బయట నుంచి తీశాను.

మెట్ల దగ్గర లోవలక్ష్మి ఎదురొచ్చింది. నాన్నని ఫొటోల్లో చూసింది కాబట్టి వెంటనే గుర్తుపట్టింది.

"నమస్తే బాబాయ్ గారూ! మీరొచ్చారేంటండీ? నాకు ఓటు వేయడానికా?"

నాన్న రెండు చేతులూ జోడించాడు.

"మీ అమ్మాయి తలనొప్పని రాత్రి అన్నం తినలేదండీ. మీరైనా చెప్పండి. టీ తాగుతారా? పది నిమిషాలుంది."

"వద్దమ్మా" అన్నాడు నాన్న. తర్వాత, "నీదే ఊరమ్మా?" అని అడిగాడు. అది చెప్పింది. "నాన్నగారేం చేస్తారు?" అదీ చెప్పింది. నాన్న తల ఊపి నేల వైపు చూశాడు.

అప్పుడే జానకిరామ్ వచ్చి, నాన్నకి వంగి నమస్కారం చేసి, తలుపు తెరిచి పట్టుకున్నాడు. లోవలక్ష్మి అతన్నీ నాన్ననీ నన్నూ మార్చి మార్చి చూసింది. దాని మొహంలో నవ్వు ఆగిపోయింది.

"దుర్గా?" అంది.

నేను దాన్ని దాటుకుని లోపలికి వెళ్లాను.

ఎన్నికల అధికారి శాంతికుమార్ గారు మా కెమిస్ట్రీ ప్రొఫెసరే. బల్ల మీద ఫారాలు వరసగా పెట్టుకున్నారు. పక్కన గుమస్తా రాసుకుంటున్నాడు. నాన్నని చూసి, "పేరెంట్సా? సరే, తలుపు దగ్గర కూర్చోండి, మాట్లాడకూడదు" అన్నారు. నాన్న కుర్చీ అంచు మీద కూర్చున్నాడు.

లోవలక్ష్మి, జానకిరామ్ వచ్చి బల్లకి అటూ ఇటూ నిలబడ్డారు. లోవలక్ష్మి ఫారం వంతు వచ్చింది.

"ప్రతిపాదించిన వారి సంతకం నకిలీదని జానకిరామ్ రాసిచ్చాడు" అన్నారు శాంతికుమార్ గారు. ఫారం నా వైపు తిప్పారు. "అమ్మా, చూడు. ఈ సంతకం నీదేనా?"

సాయిదుర్గ అని నా రాత. చివరి అక్షరం కింద గీత కొద్దిగా వంకరగా ఉంది. అప్పుడు నవ్వుతున్నాను కదా. ఫ్యాను తిరుగుతోంది. గుమస్తా పెన్ను పట్టుకుని నా నోటి వైపు చూస్తున్నాడు. జానకిరామ్ ఫోన్ చేతిలోనే ఉంది.

"సార్, నాది కాదంటే ఏమవుతుందండీ?" అన్నాను.

"అది ప్రశ్నకి సమాధానం కాదు కదమ్మా."

"తెలుసుకోవాలండీ."

ఆయన ఒక క్షణం నన్ను చూసి, రూల్స్ పుస్తకం తెరిచారు. చదివారు. నకిలీ సంతకంతో నామినేషన్ వేస్తే అభ్యర్థిని ఒక విద్యా సంవత్సరం బహిష్కరించాలి. హాస్టల్ సీటు రద్దు. పోలీసులకి ఫిర్యాదు చెయ్యాలి. నేను నిన్న చదవలేకపోయిన నిబంధనలు అవే.

లోవలక్ష్మి బల్ల అంచుని రెండు చేతులతో పట్టుకుంది.

"అయ్యా" అన్నాడు నాన్న తలుపు దగ్గర నుంచి.

"మీరు మాట్లాడకూడదండీ."

"ఒక్క ముక్క బాబూ. నాకు చదువు లేదు. అంటే, మా పిల్ల కాదంటే, ఆ పిల్ల మీద దొంగతనం పడుద్దాండి?"

"దాదాపు అంతేనండీ."

"సంతకం కొట్టేసి ఊరుకోరా?"

"ఊరుకోవడానికి వీల్లేదండీ."

నాన్న జానకిరామ్ వైపు చూశాడు. జానకిరామ్ ఫోన్ చూసుకుంటున్నాడు. నేను నాన్న వైపు చూశాను. కళ్లతోనైనా ఏదో ఒకటి చెబుతాడని చూశాను. అవుననో, కాదనో, నీ ఇష్టమనో. నాన్న నా వైపు తిరగలేదు. మోకాళ్ల మీద చేతులు ఆనించి మెల్లగా లేచాడు. సంచీ భుజాన వేసుకున్నాడు. తలుపు తీసుకుని బయటికి వెళ్లి, చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు.

జానకిరామ్ తల ఎత్తాడు. "సార్, వాళ్ల నాన్నగారు ఉండాలండీ" అన్నాడు.

"ఎందుకు?" అన్నారు శాంతికుమార్ గారు.

జానకిరామ్ మూసిన తలుపు వైపు చూశాడు.

"అమ్మా, ఇంకోసారి అడుగుతున్నాను. ఈ సంతకం నీదేనా?"

ఫారం మీద నా పేరు కింద వేలు పెట్టాను.

"నాదేనండి."

"గట్టిగా చెప్పమ్మా, రాసుకోవాలి."

"నాదే. నేనే పెట్టాను."

గుమస్తా రాసుకున్నాడు. శాంతికుమార్ గారు ఫారం మీద ముద్ర వేసి ఆమోదించిన ఫారాల కట్టలో పెట్టారు. లోవలక్ష్మి నా చెయ్యి పట్టుకోబోయింది. నేను ఆగలేదు.

నేను బయటికి వచ్చేసరికే కబురు కారు దాకా వెళ్లిపోయింది. బంగార్రాజు గారు కారు పక్కన నిలబడి ఉన్నారు. నేను ఎదురుగా వెళ్లాను. ఆయన తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన చూపు నా మీదుగా, నా వెనక చెట్ల మీదికి పోయింది. అక్కడ ఎవరూ లేనట్టే కారెక్కి తలుపు వేసుకున్నారు. నాన్న వెనక తలుపు దగ్గరికి వెళ్లి చెయ్యి వేశాడు. అది తెరుచుకోలేదు. కారు కదిలింది. నాన్న రెండడుగులు దానితో పాటు నడిచి, చెయ్యి తీసేశాడు.

ఇద్దరం రోడ్డు మీది బస్ షెల్టర్ దాకా నడిచాం. ఎండ మాడుస్తోంది. అక్కడ కూర్చున్నాక ఫోన్ మోగింది. నాన్న చెవికి పెట్టుకుని, "ఆయ్. ఆయ్. సరే" అన్నాడు. తర్వాత ఫోన్ జేబులో పెట్టుకోవడానికి మూడుసార్లు ప్రయత్నించాడు. జేబు దొరకలేదు.

"ఎవరు నాన్నా?"

"చిన్నాన్న. రేపు తాడుకి ఎవరూ రారంట. వాడు కూడా రాలేనన్నాడు. పిల్లలున్నారు కదా వాడికి."

బస్సు కంటే ముందే ఊరు చేరిపోయింది ఆ మాట. ఉషారాణి వాళ్ల వల నీళ్లలో ఎలా ఊగుతూ ఉండిపోయిందో నా కళ్ల ముందు కనిపిస్తూనే ఉంది.

"నువ్వెందుకు బయటికి వెళ్లిపోయావ్ నాన్నా?"

"ఉంటే నువ్వు నా మొహం చూస్తావు. నా ఎదర కాదని చెప్పిస్తానన్నాను. నేను లేను. అదే చెప్తాను పాకలో."

"వింటారా?"

"వినరు."

ఒక బస్సు వచ్చింది. బోర్డు చదవమన్నట్టు నాన్న నా వైపు చూశాడు. తణుకు వరకే అన్నాను. అది వెళ్లిపోయింది.

"ఓటింగు ఎప్పుడు?" అని అడిగాడు.

"శుక్రవారం."

"లోపల ఎవరికేశారో ఎవరూ చూడరా?"

"చూడరు. అడ్డు పెడతారు. ఒక్కళ్లే వెళ్లి వేసి రావడం."

నాన్న దాని గురించే ఆలోచిస్తున్నట్టు కూర్చున్నాడు. యాభై ఏళ్ల మనిషి, పంచాయతీ ఓటు ఎప్పుడూ వేయలేదు.

"మరి నిన్నేంటి, అందరి ముందూ అడిగారు" అన్నాడు.

నరసాపురం బస్సు వచ్చింది. నాన్న మెట్టు ఎక్కి, మళ్లీ వెనక్కి తిరిగాడు.

"పండక్కీ దేనికీ రాకు. నేను చెప్పేదాకా రాకు. ఫోన్ కూడా నేనే చేయిస్తాను."

"అమ్మ?"

"అమ్మకి చెప్తాను."

కండక్టర్ విజిల్ వేశాడు. నాన్న కిటికీ పక్కన కూర్చున్నాడు గానీ బయటికి చూడలేదు. ముందు సీటు కమ్మీని రెండు చేతులతో పట్టుకున్నాడు. బస్సు పాలకొల్లు మీదుగా నరసాపురం చేరడానికి మూడు గంటలు పడుతుంది. అక్కడి నుంచి ఆటో. ఆటో స్టాండులో అందరూ మా ఊరి వాళ్లే. ఎక్కించుకుంటారో లేదో.

గేటు దగ్గరికి తిరిగి వచ్చేసరికి జానకిరామ్ మనుషుల బైకులు రెండు అడ్డంగా పెట్టి ఉన్నాయి. వాటి మీద నలుగురు కూర్చుని ఏదో చెప్పుకుని నవ్వుతున్నారు. నన్ను చూసి ఊరుకున్నారు. ఒకడు ఫోన్ పైకెత్తి నా ఫొటో తీశాడు. హాస్టల్‌కి ఇంకో దారి లేదు. బైకుల మధ్య ఒక మనిషి పట్టేంత సందు ఉంది. చున్నీ గట్టిగా చుట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా, ఆ సందులోంచి లోపలికి నడిచాను. వెనక బైకు స్టార్ట్ అయిన చప్పుడు వినపడింది. పరిగెత్తలేదు.